రెండు గాట్లు ఆకుపచ్చ

జూన్ 8, సోమవారం

మిషన్ వచ్చింది. గుమ్మంలోంచి పట్టలేదని షెడ్డు పక్కగోడ పగలగొట్టి లోపలికి దింపారట. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఎనిమిది. అడిగి రాసుకున్నాను. మా వంటిల్లు కన్నా పెద్దది.

ఈయన తోలు సోఫాల ఫ్యాక్టరీలో కటర్. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే కత్తి. తోలు బల్ల మీద పరిచి అరచేత్తో ఒకసారి తడిమితే చాలు, ఎక్కడ చిల్లుందో, ఎక్కడ ముల్లు గీసిందో, ఎక్కడ సాగుతుందో తెలిసిపోతుంది. అప్పుడు సుద్దతో గుర్తులు పెట్టుకుని, అట్ట అచ్చులు పెట్టి కోస్తారు. అలాంటి కటర్లు ఆరుగురున్నారు. ఇక ఆ కోత మిషన్ చేస్తుందట.

ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడి చూశారట. దీనికి కత్తి ఎక్కడుంది బాబూ అని ఎడంచేతి అన్నయ్య అడిగితే, పైకి కనపడదు, లోపల ఉంటుంది అన్నాడట బిగించడానికి వచ్చినవాడు. అయితే మా ఆవిడ లాంటిదేనన్నమాట అన్నాడట అన్నయ్య. షెడ్డంతా నవ్విందట. ఈయన ఇంటికొచ్చి ఇదంతా చెప్పారు కానీ, చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఎడంచేతి అన్నయ్యది ఈయన పక్క బల్ల. ఎడం చేత్తో కోస్తాడు. ఈయన్ని బావా అంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన నిలబడి నిలబడి వచ్చిన వరస.

జూన్ 9

సగం తిని లేచారు. కడుపు నిండింది అన్నారు. రోజూ తినేది నాకు తెలుసు కదా.

జూన్ 11, గురువారం

మిషన్ ఎలా పనిచేస్తుందో ఈ రోజు అందరికీ చెప్పారట. తోలు పరిస్తే కింద నుంచి గాలి పీల్చి కదలకుండా పట్టుకుంటుంది. పైన కెమెరా ఫోటో తీస్తుంది. ఏ ముక్క ఎక్కడ తీస్తే తోలు తక్కువ పోతుందో కంప్యూటర్ లెక్కేస్తుంది. మనిషికి గంట పట్టే తోలు దానికి ఏడు నిమిషాలు.

కానీ దానికి చిల్లూ మచ్చా తెలియవు. ముందుగా ఎవరో ఒకరు తోలు చూసి రంగు పెన్నులతో గుర్తులు పెట్టాలి. ఎర్ర గీతతో చుడితే అది పారేసే చోటు, మిషన్ అక్కడ ముక్క తీయదు. ఆకుపచ్చ గీతతో చుడితే మచ్చ ఉన్నా తోలు గట్టిదే, సోఫా వెనకకో అడుగుకో వాడుకోవచ్చు. ఈ రెండు రంగులే.

ఆ పని మేనేజర్ ఈయనకి ఇచ్చాడు. వచ్చే నెల నుంచి ఆరుగురిలో ఇద్దరే ఉంటారు, అందులో ఒకరు మీరే, మీ చెయ్యి అలాంటిది అని భుజం తట్టాడట.

ఇంకో ఇంట్లో అయితే సంబరపడేవాళ్ళు. ఈయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే.

పెళ్ళైన మూడో నెలలో తెలిసింది. పచ్చి టమాటాలు ఏరుకొచ్చి ఎంత పండాయో చూడు అన్నారు. అప్పటి నుంచి కూరగాయలు నేనే తెస్తున్నాను. రోడ్డు మీద సిగ్నల్ రంగు చూడరు, పై లైటా కింద లైటా అని చూస్తారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో చూపులో లోపం ఉందా అన్న చోట లేదు అని రాశారు. ఆ ఫారం ఇప్పటికీ ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది.

తోలు పనికి ఇన్నాళ్ళూ చెయ్యి చాలింది. ఒక్కచోటే రంగు కావాలి. తోళ్ళ కట్టకి ఎర్ర చీటీ కడితే ఒక రకం సోఫాకి, ఆకుపచ్చ చీటీ కడితే ఇంకో రకానికి. అది ఎడంచేతి అన్నయ్య చూసుకున్నాడు. కట్ట దింపగానే పక్క బల్ల నుంచి దగ్గుతాడు. ఒక దగ్గు అంటే ఎరుపు. రెండు దగ్గులంటే ఆకుపచ్చ. ఇన్నేళ్ళలో ఒక్కసారి మర్చిపోలేదు, ఒక్కసారి బయటపెట్టలేదు. ఫ్యాక్టరీలో అందరూ ఆయనకి ఆస్తమా ఉందనుకుంటారు.

ఇప్పుడు గుర్తులు పెట్టే గది వేరే. అన్నయ్య బల్ల పక్కన ఉండదు. ఈయన ఒక్కరే.

మేనేజర్‌కి చెప్పేస్తే ఏమవుతుంది అన్నాను. ఆ ఇద్దరిలో ఇంకొకడెవడో ఉంటాడు, అంతే అన్నారు. యాభై రెండేళ్ళవాడికి ఇంకెవడు బల్ల ఇస్తాడు అన్నారు.

అత్తయ్యకి విషయం పూర్తిగా చెప్పలేదు. అయినా మాటల్లో రంగుల గొడవ చెవిన పడి, వాడికి రంగు తెలియకే కదే నిన్ను చేసుకున్నాడు అన్నారు. పాతికేళ్ళుగా అనే మాటే. ఎప్పుడూ నేనూ నవ్వుతాను.

జూన్ 14, ఆదివారం

పెన్నులు ఇంటికి తెచ్చుకున్నారు. రెండింటి ఒళ్ళూ తెల్లగా, నున్నగా, ఒకేలా ఉన్నాయి. మూత రంగే తేడా. మూతల మీద కూరగాయల కత్తితో గాట్లు పెట్టాను. ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి రెండు. అన్నయ్య దగ్గుల లెక్కే, కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేకుండా. సరిగ్గా బొటనవేలు ఆనే చోట.

కళ్ళు మూసుకోమని ఒక్కోటీ చేతిలో పెట్టి ఇరవైసార్లు పరీక్ష పెట్టాను. ఇరవైకి ఇరవై. టీచరమ్మా, స్లిప్ టెస్టులు కూడా ఉంటాయా అన్నారు. వారం తర్వాత నవ్వడం.

జూన్ 15

మొదటి రోజు. ఇరవై రెండు తోళ్ళు, ఒక్క తప్పు లేదు. ఇంట్లో పాలు రెండుసార్లు పొంగాయి.

జూన్ 24, బుధవారం

నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో గ్యాస్ మార్చిన తేదీలు, మోటార్ వేసిన గంటలు, అత్తయ్య బి.పి. రాస్తాను. కుడి పేజీలో ఇప్పుడు ఈయన తోళ్ళు రాస్తున్నాను. ఇప్పటికి 247. ఒక్క ముక్క కూడా వెనక్కి రాలేదు.

ఆ అంకె చూసి గర్వపడదామని కూర్చుంటే భయం వేసింది. ఈయన ఎంత బాగా గుర్తులు పెడితే మిషన్ అంత బాగా కోస్తుంది. అది ఎంత బాగా కోస్తే నలుగురు అంత తొందరగా ఇంటికి పోతారు. ఇది నాకు తట్టిన మాట కాదు. ఈ రోజు భోజనాల దగ్గర అన్నయ్య అన్నాడట, బావా, మా అందరి పేరు చెప్పుకుని ఒక్క తోలు చెడగొట్టరాదూ, నీ సొమ్మేం పోతుంది అని. నవ్వుతూనే అన్నాడట. ఈయనా నవ్వి, నా చేతికి చెడగొట్టడం రాదు బావా అన్నారట. అన్నయ్య డబ్బా మూత పెట్టేసి, అదే నీతో వచ్చిన చిక్కు అని లేచి వెళ్ళాడట.

కూరగాయల కొట్టు దగ్గర అన్నయ్య భార్య, మా వదిన, కలిసింది. మీ ఆయన పేరు ఖాయమట కదా, రెండో పేరు ఎవరిదో నీకేమైనా తెలుసా అంది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అయినా ఆమె నా మొహం వైపే చూస్తూ నిలబడింది. వాళ్ళమ్మాయి చదువు ఇంకా రెండేళ్ళుంది.

జూన్ 30, మంగళవారం

అత్తయ్యకి చెకప్. 150/90. దుప్పట్లు నాలుగు ఉతికాను. గ్యాస్ మార్చాను, పోయినది 38 రోజులు వచ్చింది. సాయంత్రం ఈయన రాగానే పెన్నుల మూతలు తీసి కడిగాను. తోలు నూనె పట్టి వేళ్ళు జారుతున్నాయన్నారు. సబ్బు నీళ్ళలో నానబెట్టి పాత బ్రష్‌తో తోమాను. గాట్లు మళ్ళీ కొత్తవాటిలా తగులుతున్నాయి. రేపు ఓనర్ వచ్చి మిషన్ చూస్తాడట. నీలం చొక్కా ఇస్త్రీ చేశాను.

జూలై 1

41 తోళ్ళు ఒక్క రోజులో. ఓనర్ దగ్గర నిలబడి చూశాడట, చప్పట్లు కొట్టాడట. ఉండేవాళ్ళ పేర్లు పదో తారీఖున బోర్డులో పెడతారు. ఈయన ఎనిమిదింటికే ఒళ్ళెరగకుండా నిద్రపోయారు.

జూలై 2, గురువారం, సాయంత్రం

మిషన్ ఆపేశారు.

నిన్న కోసిన ముక్కలు ఈ రోజు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. ఒక కుట్టే ఆవిడ ముక్క ఎత్తి, చిల్లులో వేలు దూర్చి, ఊపి చూపిస్తూ, సార్, మీ మిషన్ నాకు కన్ను కొడుతోంది అందట. ఇంకొకావిడ ఇంకొకటి. లెక్కపెడితే 63 ముక్కల్లో చిల్లులు. చెత్త డబ్బాలు తీసి చూస్తే నిక్షేపం లాంటి తోలు, చిన్న ముడత తప్ప ఏమీ లేనిది, తుక్కు కింద పడి ఉందట. అంటే పారేయాల్సింది వాడి, వాడాల్సింది పారేసింది.

మేనేజర్ మొహం చూడాలి అన్నారు. సాయంత్రానికి ఆరుగురినీ మళ్ళీ పాత బల్లల దగ్గరికి పంపేశాడట. ఎడంచేతి అన్నయ్య రెండు నల్ల తోలు ముక్కలు గుండ్రంగా కోసి, తాడు కట్టి, మిషన్ కెమెరాకి తగిలించాడట, గుడ్డిదానికి నల్లద్దాలు అని. ఓనర్ వెళ్ళేదాకా ఎవరూ తీయలేదట.

ఈయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆ చిల్లులన్నీ నేను చుట్టాను, ప్రతిదీ నా చేతికి తెలుసు అని మూడుసార్లు అన్నారు.

నాకు ఎన్నాళ్ళకో ఊపిరి ఆడింది. మిషన్ పోతే పెన్నులు పోతాయి, పెన్నులు పోతే ఈ గొడవే ఉండదు. ఈయనకి చెప్పలేదు కానీ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మళ్ళీ తెలుస్తోంది నాకు.

జూలై 3, శుక్రవారం, ఉదయం 11

ఈయన కత్తి పట్టుకుని వెళ్ళారు. పెన్నులు టేబుల్ మీదే ఉన్నాయి. అత్తయ్య మందుల డబ్బా మీద టైములు రాద్దామని ఎర్ర మూత తీసి రాశాను.

ఆకుపచ్చగా పడింది.

11.20

రెండోది కూడా చూశాను. ఆకుపచ్చ మూత కింద ఎరుపు.

మంగళవారం సాయంత్రం. మూతలు తుడుస్తుంటే అత్తయ్య బాత్‌రూమ్‌లోంచి పిలిచారు. కాలు జారిందేమోనని చేతిలో ఉన్నవి చేతిలో ఉన్నట్టే గబగబా తగిలించి పరిగెత్తాను. ఆవిడ తువ్వాలు కోసం పిలిచారు. తిరిగొచ్చి చూసుకోలేదు. రెండు పెన్నుల మొనలూ ఎండిపోయి నల్లగానే ఉంటాయి. కాగితం మీద ఒక్క గీత గీసి చూడొచ్చు. చూడలేదు. పప్పులో రాయి ఉందేమోనని రెండుసార్లు ఏరే మనిషిని.

గాట్లు మూతకి కాదు, ఒంటికి పెట్టాల్సింది.

ఇంకెవరైనా అయితే మొదటి గీతకే చూసుకునేవాళ్ళు. ఈయన నా గాటుని నమ్ముకుని 41 తోళ్ళ మీద చిల్లులన్నిటికీ ఆకుపచ్చ చుట్టారు. పక్క గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి తెర మీద గీతలే చూస్తుంది, పెద్దాయన పెట్టిన గుర్తుని అనుమానించదు. మిషన్ చెప్పింది చెప్పినట్టు చేసింది. దానికి ఏ లోపమూ లేదు.

సాయంత్రం 4

మూతలు సరిగ్గా మార్చి పెట్టాను. చేతులు మూడుసార్లు కడిగాను.

వదిన వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా. మిషన్ వెనక్కి పోతుందట వదినా, గోడ మళ్ళీ కడతారట అంది. నిన్న మీ అన్నయ్య నెల రోజుల తర్వాత గురక పెట్టాడు, నేను పడుకోకుండా వింటూ కూర్చున్నాను, ఎప్పుడూ తన్ని లేపేదాన్ని అంది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అత్తయ్యకి రెండు బిస్కెట్లు టీలో ముంచి తినిపించింది.

నేను టీ కప్పు పట్టుకుని నిలబడ్డాను. టేబుల్ మీద రెండు పెన్నులూ ఆమె మోచేతికి తగులుతున్నాయి.

జూలై 4

చెప్పలేదు.

జూలై 5, ఆదివారం

చెప్పలేదు. మంచాలు జరిపి కింద తుడిచాను. అలమారా పేపర్లు మార్చాను. కిటికీ ఊచలు ఒక్కోటీ తుడుస్తుంటే, ఏమైంది నీకు, ఇల్లు అమ్ముతున్నామా అన్నారు ఈయన.

జూలై 6, సోమవారం

మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీర్ గురువారం వస్తున్నాడు. మిషన్ తీసిన ప్రతి ఫోటో దాని లోపలే ఉంటుందట. ప్రతి తోలుదీ, గుర్తులతో సహా. అవి పెద్ద తెర మీద వేసి అందరికీ చూపిస్తాడట.

ఈ మాట ఈయన ఎంత హుషారుగా చెప్పారో. రానీ, ఫోటోలు తెరవనీ, ప్రతి చిల్లు చుట్టూ నా గుర్తు ఉంటుంది, అప్పుడు తేలుతుంది తప్పు ఎవరిదో అన్నారు. వడ్డిస్తున్న గరిటె నా చేతిలోంచి జారింది. అన్నం అంతా చాప మీద.

జూలై 7

చెప్పాను.

పొద్దున్నే చెప్పాను, వెళ్ళే ముందు, కూర్చోబెట్టి. అరిస్తే బాగుండు. అరవలేదు. పెన్నులు తెమ్మన్నారు. మూతల మీద బొటనవేలు ఆనించి, ఇటు రాసి అటు రాసి, అయితే నేను చుట్టింది ఏ రంగు అన్నారు. ఆకుపచ్చ అన్నాను. వాడుకో అని చెప్పానన్నమాట మిషన్‌కి అన్నారు. చెప్పులు వేసుకున్నారు. కుడి కాలి చెప్పు ఎడమకి, మళ్ళీ మార్చుకున్నారు.

జూలై 8, బుధవారం

సాయంత్రం ఎడంచేతి అన్నయ్యని ఇంటికి తీసుకొచ్చి ఈయన అంతా చెప్పారు, మూతల సంగతి కూడా. నేను తలుపు పక్కన నిలబడ్డాను, దొంగలా.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపు మోకాళ్ళు రుద్దుకుని, చెల్లెమ్మ చేతి చలవే ఇదంతా అయితే అన్నాడు. తర్వాత ఉపాయం చెప్పాడు. ఫోటోల్లో ఆకుపచ్చ కనిపిస్తే, నేను ఎర్ర పెన్నుతోనే చుట్టాను, మీ కెమెరాకే రంగు తెలియదు అనెయ్ బావా. అందరి ముందూ ఒక తోలు మీద పెట్టి చూపించమంటారు. కొత్త పెన్నులిస్తారు, వాటికి గాట్లుండవు. నేను నీ వెనకే ఉంటాను, నువ్వు ముట్టుకున్న పెన్ను రంగు బట్టి దగ్గుతాను. ఇన్నేళ్ళు దగ్గినవాణ్ణి ఇంకొక్క రోజు దగ్గలేనా. మిషన్ బండెక్కిపోతుంది, నలుగురి బల్లలు నిలబడతాయి.

అత్తయ్య లోపల నుంచి దగ్గు అన్న మాట విని మందు సీసా పట్టుకొచ్చారు. ఈ అబ్బాయికి వయసొచ్చినా దగ్గు తగ్గలేదు అని చెంచాలో పోసి ఇచ్చారు. అన్నయ్య కాదనకుండా తాగాడు. ముగ్గురం నవ్వాం.

ఈయన సరే అనలేదు. వద్దనీ అనలేదు.

జూలై 9, గురువారం

8.10. వెళ్ళారు.

9.00. డ్రాయర్‌లో ఈయన పాత తెల్ల సుద్దముక్క లేదు. నిన్న ఉంది. టైలర్ సుద్ద పక్కన.

11.30. ఇంజనీర్ వచ్చే టైమ్. బియ్యం ఏరాను. మళ్ళీ ఏరాను.

1.15. ఫోన్ మోగింది. అత్తయ్య ఎత్తారు. రాంగ్ నంబర్.

2.40. చెప్పినది అబద్ధమైతే ఈయన దొంగ అవుతారు. నిజమైతే ఉద్యోగం పోతుంది. ఎటు లెక్కేసినా ఒకటే వస్తోంది.

4.00. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఫ్యాక్టరీ గేటు చూడలేదు నేను. ఇప్పుడు వెళ్ళి నిలబడాలనిపిస్తోంది. నిలబడి ఏం చెయ్యాలో తెలియదు.

6.35. వచ్చారు.

8.00

జరిగింది ఈయన చెప్పినట్టే రాస్తున్నాను.

ఇంజనీర్ కుర్రవాడట, మర్యాదగానే మాట్లాడాడట. తెర మీద ఫోటోలు వేశాడు. చిల్లు, చుట్టూ ఆకుపచ్చ. ఇంకో చిల్లు, ఆకుపచ్చ. నలభై ఒక్క తోళ్ళూ అంతే. ఒక తోలు పరిచి, కొత్త పెన్నులు రెండు చేతిలో పెట్టి, ఒకసారి మీరే చూపించండి సార్ అన్నాడట.

ఈయన అరచెయ్యి ఆనించారు. చిల్లు దొరికింది. ఒక పెన్ను తీశారు. వెనక నుంచి అన్నయ్య దగ్గాడు. రెండుసార్లు. అంటే అది ఆకుపచ్చ, రెండోది తియ్యాలి. ఈయన రెండోది తీశారు. ఒక దగ్గు. మూత తీశారు.

తీసి మళ్ళీ పెట్టేశారట. వెనక్కి తిరక్కుండానే, చాలు బావా, ఇక దగ్గకు అన్నారట.

జేబులోంచి సుద్దముక్క తీసి, చిల్లులకి సున్నా చుట్టారు, మచ్చలకి అడ్డగీత గీశారు. మిషన్ రాక ముందు ఇన్నేళ్ళూ పెట్టిన గుర్తులు అవే. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే సార్, పుట్టుక నుంచీ అంతే, ఆ రోజు పెన్నులు తారుమారు చేసింది నేనే, మీ మిషన్ తప్పు లేదు అన్నారట. నా మూతల మాట ఎత్తలేదు.

ఇంజనీర్ కాసేపు చూసి, ఈ సున్నా, ఈ గీత అయితే మిషన్ ఇంకా తేలిగ్గా చదువుతుంది సార్, రంగే అక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు అన్నాడట. పది నిమిషాలు పట్టిందట. సుద్ద గుర్తుల మీద మిషన్ కోసింది. ఒక్క ముక్కలో చిల్లు లేదు.

మేనేజర్ తిట్టలేదు. ఇంత మాత్రానికి నోరు తెరిచి చెప్తే పోయేది కదయ్యా అన్నాడట. ఫారం సంగతి ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఎందుకు ఆపించారు, దగ్గనివ్వాల్సింది కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చేతి కింద చిల్లు ఉంది, తెర మీద చిల్లు ఉంది, నోటితో ఇంకొకటి చెప్పబోతే బొటనవేలు మొద్దుబారిపోయింది అన్నారు.

అన్నయ్య ఏమన్నాడు అన్నాను.

ఈయన స్నానానికి లేచారు.

జూలై 10

బోర్డులో రెండు పేర్లు. ఈయనది, అందరికన్నా ఆఖర్న చేరిన పొడుగాయనది. ఎడంచేతి అన్నయ్య పేరు లేదు.

జూలై 14, మంగళవారం

వదిన కొట్టు దగ్గర కనిపించింది. నేను వంకాయలు ఏరుతున్నాను. నన్ను చూసింది. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని నా పక్క నుంచే నడిచి వెళ్ళింది. ఏరిన వంకాయలు మళ్ళీ బుట్టలోనే వేస్తున్నాను, ఏమైందమ్మా అన్నాడు కొట్టువాడు.

బిస్కెట్ల డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. కడిగి తుడిచి పెట్టాను. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు. ఏం పోసి ఇవ్వాలో తెలియడం లేదు.

మా ఇద్దరినీ ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని చూస్తున్నాను. ఇరవై ఏళ్ళు మీ రహస్యం ఆయన కడుపులో దాచుకున్నాడు, మీరు నాలుగు రోజులు ఆయన కోసం దాచలేకపోయారా అని. ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఈ భయం తగ్గేట్టు లేదు.

జూలై 21

కుడి పేజీ: 610.

ఈయన పెట్టే సున్నాలు, గీతలు అన్నీ మిషన్ దాచుకుంటోందట. పదివేల తోళ్ళు చూస్తే చిల్లు ఏదో మచ్చ ఏదో దానికే తెలుస్తుంది, అప్పుడు గుర్తులు కూడా అక్కర్లేదు అని ఇంజనీర్ చెప్పి వెళ్ళాడట. ఇది ఈ రోజు చెప్పారు ఈయన, తువ్వాలు ఆరేస్తూ, గ్యాస్ అయిపోవచ్చింది అన్నంత మామూలుగా.

రోజుకి ముప్పై. ఏడాదికి కొంచెం పైన. లెక్క వేశాను, తర్వాత పేజీ తిప్పేశాను.

అన్నయ్య ఎక్కడికీ వెళ్ళడం లేదట. ఫోన్ చేస్తే ఎత్తడట. ఈయన రోజూ చేస్తున్నారు.

జూలై 27, సోమవారం, మధ్యాహ్నం 3.10

ఫోన్ మోగింది. అత్తయ్య నిద్రలో ఉన్నారు. ఎత్తాను. ఎవరూ మాట్లాడలేదు.

ఒక దగ్గు.

ఎరుపు. పారేసే చోటు. పెట్టెయ్యలేదు. అటువైపూ పెట్టెయ్యలేదు. గడియారంలో ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగింది.

రెండోది వచ్చింది.